ఇడ్లీ పిండి పక్కన రంగమ్మ గుడ్లు

గుడ్డు అన్న మాట గట్టిగా పలకడానికి కూడా వీల్లేని ఇంట్లో అద్దెకుంటూ, అదే ఇంట్లో మూడు డజన్ల గుడ్లు పొదగబెట్టిన మహానుభావుణ్ణి నేను. ఆ పొదగడంలో నాకు కోడిపెట్టకున్న ఇంగితం కూడా లేకపోయిందనీ, నా నిర్వాకం వల్ల ఒక పెద్దమనిషి పరువు ఆయన సొంత మెట్ల కింద నిలబడి ఉండగానే గంగలో కలిసిందనీ ముందే చెప్పేస్తున్నాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. జాలిపడదలుచుకున్నవాళ్ళు మాత్రం నా మీద కాకుండా ఆ పెద్దమనిషి మీద పడండి, పుణ్యం ఉంటుంది.

అప్పటికి నేను ఒంగోలు వదిలి ఇంగ్లండ్ వచ్చి ఏడాది కాలేదు. డాట్‌కామ్ కంపెనీలన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోతున్న రోజుల్లో, ఎలాగో కూలకుండా మిగిలిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు ఉద్యోగం. ఆఫీసు స్లౌలో, నివాసం లండన్ చివర హారోలో. విశ్వనాథం అంకుల్, కామేశ్వరి ఆంటీ అని అమలాపురం దంపతులు. అంకుల్ ఏదో కౌన్సిల్ ఆఫీసులో పనిచేసేవారు. ఆంటీ ఆ ఇంటికి సర్వాధికారి. వాళ్ళమ్మాయి పెళ్ళయి మాంచెస్టర్ వెళ్ళిపోతే, మేడమీద ఖాళీ అయిన ఆ అమ్మాయి గదికి మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను. వీసా ఇంటర్వ్యూ దానికన్నా సులువుగా జరిగింది.

"మాంసం?" అంది ఆంటీ, నేనింకా బూట్లు విప్పుతుండగానే.

"అలవాటు లేదండీ."

"గుడ్డు?"

"లేదండీ."

"కేకులో వేసిన గుడ్డు?"

"కేకే తినను ఆంటీ."

"మరి ఈ దేశంలో ఏం తిని బతుకుతున్నావు నాయనా!" అని ఒక్క క్షణం జాలిపడి, వెంటనే తేరుకుంది. "చూడబ్బాయ్, నాకు ఒక్కటే నియమం. గుడ్డన్నది ఈ ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వచ్చిందా, ఆ పూటే పెట్టె సర్దుకోవాలి. ఏవండీ, అంతేనా?"

"అంతే, అంతే" అన్నారు అంకుల్ పేపరు వెనకనుంచి. పేపరు ఇంకో రెండంగుళాలు పైకి లేచింది. పాపం ఎంత నిష్ఠాపరుడో అనుకున్నాను.

ఆ ఇంట్లో పొద్దున్న ఇడ్లీ, రాత్రి చారూ అన్నం, ఆదివారం గుత్తివంకాయ. అంతకుముందు మూడు నెలలు నేను టేక్‌అవే చిప్స్ మీద వెనిగర్ చల్లుకుని బతికినవాణ్ణి. ఆ గది పోతే మళ్ళీ ఆ చిప్సే గతి అని తెలుసు కాబట్టి, ఆంటీ నియమాన్ని నేను గాయత్రి కన్నా శ్రద్ధగా పాటించేవాణ్ణి. బిస్కెట్ కొన్నా పొట్లం తిప్పి దాని జాతకం మొత్తం చదివేవాణ్ణి. అంకుల్ కూడా అంతే నెమ్మది మనిషి. శుక్రవారం సాయంత్రాలు మాత్రం కొంచెం ఆలస్యంగా, ఏలకులు నములుతూ వచ్చేవారు. ఆ పూట ఆకలి లేదనేవారు. ఆఫీసులో మీటింగట.

ఇలా సుఖంగా సాగుతుండగా నా పక్క సీటు గ్యారీ ఆస్ట్రేలియా బయల్దేరాడు. వెళ్ళేముందు ఒక జాలీ పంజరం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అందులో కొమ్మని పట్టుకుని ఆకుపచ్చటి ఊసరవెల్లి ఒకటి కూర్చుంది. ఒక కన్ను నన్ను చూస్తోంది, రెండోది గ్యారీని చూస్తోంది.

"వీడి పేరు కెవిన్. ఒక్క నెల చూసుకో. ఏ ఇబ్బందీ పెట్టడు" అన్నాడు.

ఆ ఒక్క నెల ఇప్పటికీ పూర్తి కాలేదు. నేనెందుకు ఒప్పుకున్నానంటారా? లండన్‌లో ఒంటరిగా ఉన్న కుర్రాడికి, తను ఆఫీసునుంచి రాగానే ఒక కన్నయినా తనవైపు తిప్పే ప్రాణి ఉండటం చిన్న విషయం కాదండీ. కెవిన్ అని పిలవడానికి నోరు తిరక్క రంగడు అని పేరు పెట్టాను.

ఆంటీ పంజరాన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"ఏవిటది, తొండా?"

"ఊసరవెల్లి ఆంటీ."

"బల్లి మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో రాశారు గానీ, దీనికి రాయలేదే!"

"ఇది పడదు ఆంటీ. చాలా నెమ్మదస్థుడు. అడుగు తీసి అడుగు వెయ్యడానికే ముహూర్తం చూసుకుంటాడు."

"తిండేవిటి?"

"ఆకులూ పువ్వులూ" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం నా బ్యాగులో ఒక డబ్బాలో కీచుమంటోంది. ఊసరవెల్లులు కీచురాళ్ళని తింటాయని ఆంటీకి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆంటీ పరీక్ష పెట్టింది. కిటికీ దగ్గర కుండీలో దేవుడి కోసం పెంచుకునే మందారం చెట్టునుంచి ఒక పువ్వు తెచ్చి జాలీలోంచి అందించింది. రంగడు ఆ పువ్వుని రేకు రేకూ వలిచి, కళ్ళు మూసుకుని నమిలాడు. ఆంటీ ముఖం విప్పారింది.

"పూర్వజన్మలో ఎవరో ఉపాసకుడై ఉంటాడు. ఉండనీ" అంది.

అంతే, రంగడికి ఇంట్లో స్థానం ఖాయమైపోయింది. రోజూ పూజ కాగానే ఒక పువ్వు పైకి వచ్చేది. నా మంచం కింద డబ్బాలో కీచురాళ్ళు అరుస్తుంటే మాత్రం ఆంటీ, "ఏవండీ, బాయిలర్ కీచుమంటోంది, మనిషిని పిలవండి" అనేది. ఆ మనిషి వచ్చాడు, బాయిలర్‌కి చెవి ఆనించి విన్నాడు, ఏమీ లేదని టీ తాగి వెళ్ళిపోయాడు.

వేసవి చివర్లో రంగడికి ఏదో అయింది. పువ్వు ముట్టడు, కీచురాయిని చూడడు. ఒంటిమీద ఎక్కడాలేని నీలం చుక్కలు, పసుపు మచ్చలు. ఎప్పుడూ కొమ్మ దిగనివాడు పంజరం నేలమీద మూలలు గీరుతూ తిరుగుతున్నాడు. పొట్ట మాత్రం మద్దెలలా ఉంది.

"మలబద్ధకం అయ్యుంటుందోయ్" అన్నారు అంకుల్, అనుభవం ఉన్నవాడిలా.

"వాము నీళ్ళు పట్టించు" అంది ఆంటీ.

నాకు భయం వేసి పశువుల క్లినిక్‌కి పట్టుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ రంగణ్ణి తిప్పి చూసి, ఎక్స్‌రే తీసి, దాన్ని వెలుగులో పెట్టింది. సంచి నిండా చిక్కుడు గింజలు కుక్కినట్టుంది.

"మీ వాడి పేరేమిటి?"

"రంగడు."

"మార్చుకోండి. ఇవన్నీ గుడ్లు."

నేను కుర్చీ పట్టుకున్నాను. ముందు రంగడు కాస్తా రంగమ్మ అయినందుకు తల తిరిగింది. వెనకే, ఆ 'గుడ్లు' అన్న మాట హారోలోని మా మెట్లమీద ఆంటీ గొంతుతో వినపడింది. పెట్టె, చిప్స్, వెనిగర్, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"ఆడ ఊసరవెల్లులకి ఇది మామూలే" అంది డాక్టరమ్మ. "కానీ గుడ్లు పెట్టడానికి దీనికి చోటు దొరకడం లేదు. లోతుగా తడి ఇసక పొయ్యండి. అది తవ్వుకుని, లోపలికి దిగి పెడుతుంది. ఎవరైనా చూస్తున్నారని అనుమానం వచ్చిందంటే మానేస్తుంది. ఈ రెండు మూడు రోజుల్లో పెట్టకపోతే ఆపరేషన్ చెయ్యాలి. అప్పుడు బతుకుతుందని నేను మాటివ్వలేను."

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రంగమ్మ రెండు కళ్ళూ మూసుకుని ఉంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. రోజూ సాయంత్రం నాకోసం ఒక కన్ను తిప్పిన ప్రాణి, ఇన్ని రోజులు కడుపు మోస్తూ నేల గీరుతుంటే, నేను వాము నీళ్ళు పట్టాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. గది పోతే పోయింది, దీన్ని బతికించుకోవాలి అనుకున్నాను. ఇంత ఉదాత్తంగా ఆలోచించిన మనిషి, ఇంటికి రాగానే ఆంటీతో ఏమన్నాడో తెలుసా? "అజీర్ణం ఆంటీ" అన్నాడు.

ఇసక మూట, ఇంటి మరమ్మతు సామాన్లమ్మే డీఐవై షాపులో దొరికింది. లోతైన గిన్నె ఎక్కడ? ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, స్నానాల గదిలో స్టీలు బకెట్. ఆంటీ దాన్ని అమలాపురం నుంచి బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది. అంకుల్ ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా, షవర్ కింద నిలబడితే వానలో తడిసినట్టుంటుంది గానీ స్నానం చేసినట్టుండదనేవారు. చెంబూ బకెట్టూ లేనిదే ఆయనకి తెల్లవారదు.

శనివారం పొద్దున్న ఆ బకెట్‌ని నా గదిలోకి చేరేసి, సగంపైగా తడి ఇసక నింపి, రంగమ్మని అందులో దింపి, పైన తువ్వాలు కప్పాను. గదిలోంచి బయటికొచ్చి తలుపు ముందు కాపలా కూర్చున్నాను. అంకుల్ ఒంటిమీద ఒక తువ్వాలు, భుజంమీద ఒక తువ్వాలుతో ప్రత్యక్షమయ్యారు.

"ఏమోయ్ శ్రీధర్, బకెట్ చూశావా?"

"బకెట్టా అంకుల్?"

"బకెట్టే. స్టీలుది. పొద్దున్నే ఎవరైనా బకెట్ ఎత్తుకుపోతారా? లండన్‌లో దొంగలు కూడా ఇంత దిగజారిపోయారా?"

"నేను... బట్టలు నానబెట్టాను అంకుల్."

"వాషింగ్ మెషిన్ ఉండగా?"

"మొండి మరకలు అంకుల్."

"ఎప్పటిదాకా నానాలి?"

"అది వాటి ఇష్టం అంకుల్."

అంకుల్ నన్ను ఎగాదిగా చూసి, గొణుక్కుంటూ షవర్ కిందికి వెళ్ళిపోయారు. ఇంతలో కిందినుంచి ఆంటీ, "టిఫినుకి రావేం?" అని ఒక కేక. "ఉపవాసం ఆంటీ, శనివారం కదా" అని నేను. "ఎప్పట్నుంచి?" అని ఆంటీ. "ఇవాళ్టినుంచే" అని నేను. వంటింట్లోంచి పెసరట్టు వాసన మెట్లెక్కి వచ్చి నా ముక్కు ముందు కూర్చుంది. అలా మధ్యాహ్నం కూడా దాటిపోయింది. లోపల చప్పుడు లేదు. చచ్చిపోయిందేమో అన్న అనుమానం వచ్చింది. తలుపు తీసి చూస్తే మానేస్తుందేమో అన్న భయం, చూడకపోతే చచ్చిపోతుందేమో అన్న భయం. ఆస్పత్రి వరండాల్లో తిరిగే మొగుళ్ళ బాధ నాకు పెళ్ళికాకముందే అర్థమైంది.

సాయంత్రం ఎండ వాలుతుండగా తలుపు సందులోంచి చూశాను. రంగమ్మ బకెట్ అంచుమీద ఉంది. ముక్కుకీ నెత్తికీ ఇసక, పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది. కింద ఇసక మళ్ళీ చదునుగా, ఎవరో అలికినట్టు కప్పేసి ఉంది. ఒక కన్ను నావైపు తిప్పింది. ఎంత సంతోషం వేసిందంటే, అక్కడే నేలమీద కూలబడి దాన్ని చూస్తూ చాలాసేపు నవ్వుకున్నాను. నీళ్ళు పట్టాను, లావుపాటి కీచురాయి ఒకటి పెట్టాను. గబుక్కున నాలుక చాచి అందుకుంది. బతికింది.

అక్కడితో ఆగి, ఆ ఇసక బయట పారబోసి, బకెట్ తోమి అంకుల్‌కి ఇచ్చేస్తే ఈ కథే లేదు. కానీ ఇసక తవ్వితే తెల్లగా, కోలగా, చిక్కుడు గింజల్లాంటి గుడ్లు పొరలు పొరలుగా బయటపడ్డాయి. మూడు డజన్లు! చూడగానే నాలో తాతగారు నిద్రలేచారు. వీటిని పారేస్తానా? పిల్లల్ని చెయ్యకుండా వదుల్తానా?

అప్పట్లో ఇంట్లో ఇంటర్నెట్ పెడితే ఫోన్ పనిచెయ్యదు, ఫోన్ పనిచెయ్యకపోతే ఆంటీ ఊరుకోదు. అందుకని సోమవారం ఆఫీసులో, ఊసరవెల్లుల పిచ్చివాళ్ళెవరో రాసిన పేజీలు తెరిచాను. నాకొక దురలవాటు ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ తెరిచినా, మొదట్లో 'ముందుగా ఉండవలసినవి' అని ఉండే భాగం వదిలేసి, సరాసరి పని మొదలెట్టే చోటునుంచి చదువుతాను. ఇక్కడా అదే చేశాను. గుడ్లని తేమగా ఉండే పొట్టులో సగం పూడ్చాలి, దొర్లించకూడదు, పైభాగం తెలిసేలా చుక్క పెట్టుకోవాలి, నెలల తరబడి ఎక్కువా తక్కువా కాని గోరువెచ్చదనంలో ఉంచాలి. అంతా కంఠతా వచ్చేసింది.

ఇంగ్లండ్‌లో ఇంట్లో ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే చోటేదో మనవాళ్ళని అడగండి, ఒక్కటే చెప్తారు. మేడమీద వేడినీళ్ళ ట్యాంకు ఉండే ఎయిరింగ్ కబోర్డ్. దొరలు దాంట్లో తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. మనవాళ్ళు ఇడ్లీ పిండి పులియబెడతారు. ఆంటీ పిండి గిన్నె ట్యాంకు పక్కనే పీటేసుకుని కూర్చునేది. ఆ చలిదేశంలో ఆ పిండి పొంగుతుంటే నేనే ఎన్నోసార్లు చూసి ఆశ్చర్యపోయాను. పిండికి ప్రాణం పోసే చోటు గుడ్డుకి పొయ్యదా?

ఐస్‌క్రీం డబ్బాలో పొట్టు పోసి, గుడ్లు పేర్చి, చేతికి దొరికిన ఎర్ర మార్కరుతో ఒక్కోదానికీ ఒక చుక్క పెట్టి, మూత వేసి, పై అరలో తువ్వాళ్ళ వెనక దాచాను. ఇంటికి ప్రాణంలాంటి ఇడ్లీ పిండికి మూరెడు దూరంలో, ఆ ఇంటి ఏకైక నియమాన్ని మూడు డజన్లసార్లు ఉల్లంఘించాను. ఆంటీకి చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి దాకా వెళ్ళాను కూడా. రెండుసార్లూ ఆవిడ చేతిలో అట్లకాడ ఉంది.

రోజూ పొద్దునా సాయంత్రం తువ్వాలు వంకతో వెళ్ళి డబ్బా చూసుకునేవాణ్ణి.

"ఈ కుర్రాడికి శుభ్రత ఎక్కువండీ. రోజుకి రెండు తువ్వాళ్ళు మారుస్తాడు" అనేది ఆంటీ మురిసిపోతూ.

"బకెట్ దొంగిలించినవాడికి ఆమాత్రం ఉండాలి" అనేవారు అంకుల్.

కొన్ని వారాలు గడిచాయి. గుడ్లు లావెక్కాలని రాశారు, ఇవి లావెక్కలేదు. తెల్లగా ఉండాలన్నారు, ఇవి పచ్చబడ్డాయి. కొన్ని సొట్టలు పడి బూజు కమ్మాయి. నేను మాత్రం ఎదుగుతున్నాయి కాబోలు అనుకున్నాను. పసిపిల్లలకి పచ్చకామెర్లు రావా, తగ్గవా? వాసన మొదలైంది. దానికి నా ఇంజనీరు బుర్ర కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, అగరొత్తుల పెట్టె విప్పి డబ్బా పక్కన పెట్టడం. మర్నాడు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని అంకుల్ ఆగిపోయారు.

"కామేశ్వరీ, ఇవాళ ఇడ్లీలు గుళ్ళో తిన్నట్టున్నాయేం?"

"నాక్కూడా అలాగే ఉంది" అంది ఆంటీ. నేను చట్నీలో తల పెట్టేశాను.

ఆదివారం పొద్దున్న ముప్పు రానే వచ్చింది. పిండి పాడైందేమోనని ఆంటీ ఎయిరింగ్ కబోర్డ్ మొత్తం ఖాళీ చెయ్యడానికి సిద్ధపడింది. నేను గదిలో రంగమ్మకి మందారపువ్వు పెడుతున్నాను. అంకుల్ కింద హాల్లో పేపరు చదువుతున్నారు. తువ్వాళ్ళు దబదబా నేలమీద పడుతున్న చప్పుడు విని నేను తలుపు తీసేసరికే, డబ్బా మూత ఊడొచ్చిన చప్పుడు వినపడింది.

"అమ్మో! గుడ్లు! ఏవండీ! ఇంట్లో గుడ్లు! బొట్లు కూడా పెట్టారు గుడ్లకి!"

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. కాళ్ళు కదల్లేదు, నాలుక అసలే కదల్లేదు. మెట్ల కింద అంకుల్ వచ్చి నిలబడ్డారు. ఆయనకి డబ్బా కనపడటం లేదు. పైనుంచి ఆంటీ ముఖం మాత్రం కనపడుతోంది.

"నిజం చెప్పండి" అంది ఆంటీ. "ఇదేవిటి?"

ఆవిడ అడిగింది వివరం. ఆయన విన్నది తీర్పు.

"కామేశ్వరీ" అన్నారు అంకుల్. "ఇంట్లోకి ఎప్పుడూ తేలేదు. నీ మీద ఒట్టు. తిన్నదంతా బయటే."

నా మంచం కింద ఒక కీచురాయి అరిచి, తప్పు తెలుసుకున్నట్టు ఊరుకుంది.

"ఏవిటి తిన్నది?" అంది ఆంటీ, చాలా నెమ్మదిగా.

"ఆమ్లెట్. ఆఫీసు పక్కన కెఫేలో. ఒక్కటే. ఉల్లిపాయ వేయించుకుని."

"ఎప్పట్నుంచి?"

"ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ."

"ఎప్పుడు?"

"వారానికోసారే కామేశ్వరీ. శుక్రవారం."

ఆంటీ చేతిలో మూత జారి మెట్లమీద దొర్లుకుంటూ వెళ్ళి అంకుల్ పాదాల దగ్గర ఆగింది.

"శుక్రవారమా?" అంది. ఆ కేకకి పక్కింటివాళ్ళ కుక్క కూడా మొరిగింది. "వారానికి ఏడు రోజులుంటే మీకు శుక్రవారమే దొరికిందా? నేనిక్కడ లక్ష్మీదేవికి దీపం పెట్టి కూర్చుంటే మీరక్కడ గుడ్డు కొట్టించుకున్నారా? శ్రావణ శుక్రవారాలు కూడానా?"

"వరలక్ష్మీవ్రతం నాడు తినలేదు, ఒట్టు! ఆ రోజు సెలవు పెడతాను కదా!"

అప్పుడు వచ్చింది నాకు మాట. ఇంతసేపూ ఎక్కడికి పోయిందో గానీ అప్పుడు వచ్చింది.

"ఆంటీ, అవి అంకుల్‌వి కాదు. రంగడివి. అంటే రంగడు రంగడు కాదు, రంగమ్మ. ఆ గుడ్లు దానివి. నేనే పెట్టాను. అంటే అదే పెట్టింది, నేను దాచాను."

ఇద్దరూ నావైపు చూశారు. ఆంటీ సంగతి తర్వాత చెప్తాను. అంకుల్ చూసిన చూపు నాకు ఈ జన్మకి చాలు.

"ఏమోయ్" అన్నారు. "ఆ ముక్క రెండు నిమిషాల ముందు చెప్పడానికి నీకేం రోగం?"

పెట్టె మంచం కింద ఎక్కడుందో గుర్తుచేసుకుంటూ, బకెట్ దగ్గర్నుంచి అగరొత్తుల దాకా అంతా చెప్పేశాను. ఆంటీ వింటూ వింటూ నడుంమీద చెయ్యి పెట్టుకుంది.

"అంటే ఆ శనివారం, నువ్వు ఉపవాసమని అబద్ధమాడిన రోజు, అది పురిటినొప్పులు పడుతోందా?"

"అవును ఆంటీ."

"చచ్చిపోతుందని కూడా చెప్పారా?"

"చెప్పారు ఆంటీ."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇంట్లో ఆడపిల్ల కడుపుతో ఉంటే పెద్దదాన్ని నాకొక మాట చెప్పవా? మా అమ్మాయి గదిలో పురుడొస్తే, కింద పెసరట్లు పోసుకుంటూ కూర్చున్నానా నేను?" అంది. ఆవిడ కళ్ళు తడిశాయి. నన్ను తిట్టడానికి వెతుక్కున్న మాటలన్నీ ఎక్కడికో పోయి, గబగబా నా గదిలోకి వెళ్ళి జాలీ ముందు కూర్చుంది. రంగమ్మ తీరిగ్గా ఒక కన్ను ఆవిడవైపు తిప్పింది. నేనొక్క మాటంటే కరిగిపోయేలా ఉన్న ఆ మనిషిని చూసి ఇన్నాళ్ళు వణికినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇంతకీ పిల్లలెప్పుడొస్తాయి?" అంది ఆంటీ ముక్కు తుడుచుకుంటూ.

"ఇంకా కొన్ని నెలలు పడుతుంది ఆంటీ" అన్నాను గర్వంగా. పొట్టూ తేమా వేడీ అన్నీ వివరించాను.

ఆంటీ ఓపిగ్గా విని, పంజరంలోకి చూసింది. పంజరం వెనక చూసింది. మంచం వైపు చూసింది.

"మరి మగదేదీ?"

"అంటే?"

"దీని మొగుడు నాయనా. ఎక్కడున్నాడు?"

నేను రంగమ్మని చూశాను. రంగమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. గ్యారీ దగ్గర ఒక్కతే ఉండేది. నా దగ్గరా ఒక్కతే. మందారపువ్వులూ కీచురాళ్ళూ తప్ప దాని జీవితంలోకి ఇంకెవరూ రాలేదు. 'ఆడ ఊసరవెల్లులకి ఇది మామూలే' అన్న డాక్టరమ్మ మాట అప్పుడు అర్థమైంది. మగతోడు ఉన్నా లేకపోయినా అవి గుడ్లు పెడతాయి. మగతోడు ఉంటేనే పిల్లలవుతాయి. నేను వదిలేసిన 'ముందుగా ఉండవలసినవి' అన్న భాగంలో మొదటివాడు మొగుడన్నమాట!

"అంటే, ఇన్నాళ్ళూ..." అన్నాను.

"ఇన్నాళ్ళూ నా ఇడ్లీ పిండి పక్కన వట్టి గుడ్లు కుళ్ళబెట్టావు నాయనా" అంది ఆంటీ.

మెట్లమీద అంకుల్ నవ్వడం మొదలుపెట్టారు. సంసారం మునిగిన మనిషి అలా నవ్వకూడదు. కానీ ఆయన కూర్చుని, ఆ ఐస్‌క్రీం డబ్బా మూతని తొడమీద కొట్టుకుంటూ నవ్వారు. ఆంటీ కాసేపు బిగబట్టుకుని చూసి, ఆవిడ కూడా నవ్వేసింది. నవ్వాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే నవ్వలేదు. నాలోని తాతగారు అప్పుడే పోయారు.

శిక్షలు ఆ మధ్యాహ్నమే ఖరారయ్యాయి. నేను ఎయిరింగ్ కబోర్డ్‌ని పసుపునీళ్ళతో మూడుసార్లు కడగాలి. స్టీలు బకెట్ ఇకమీదట రంగమ్మ పురుళ్ళకే, అంకుల్‌కి కొత్తది నేను ఇండియానుంచి తెప్పించాలి. అంకుల్ శుక్రవారం ఆమ్లెట్ తినడం ఆ క్షణంనుంచే బంద్. "తిని తీరాలనుంటే బుధవారం తగలడండి" అంది ఆంటీ. "ఇంటికొచ్చాక నెత్తిన నీళ్ళు పోసుకున్నాకే వంటింట్లోకి రావాలి." అన్నేళ్ళు దాచుకున్న రహస్యానికి పడిన శిక్ష రెండురోజులు ముందుకి జరపడం! అంకుల్ ఆ తర్వాత ఏలకులు కొనడం మానేశారు.

నేను మాత్రం ఆయన చూసిన ఆ చూపు మర్చిపోలేదు. అంకుల్ చేతిలో చెయ్యివేసి, నిండు మనసుతో ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మాన్యువల్ అయినా మొదటి పేజీనుంచే చదువుతాను. ఏ గుడ్డు కనపడినా ముందు తండ్రి ఎవరని అడిగి గానీ ముట్టుకోను. ఏ ఇంట్లో ఏ అలమరలో ఏం దొరికిందని కేక వినపడినా, పక్కనున్న పెద్దమనిషి నోరు తెరిచేలోపు నేనే తెరుస్తాను.

"ఆ మూడోది గట్టిగా గుర్తుపెట్టుకో" అన్నారు అంకుల్. ఆ కెఫే బల్ల ముందు ఆయన రెండో చేతిలో ఫోర్క్ ఉంది. ఆ రోజు బుధవారం.